నిండిన గాదె – అందని ఉత్తరము
(ఈ-మెయిలు డేటాబేసులో చోటు చాలనప్పుడు చేయవలసిన పనులను గురించి ఒక పాఠము)

పంట బాగా పండినందుకు ఏ రైతూ విచారింపడు. కాని కోతల నాటికి గాదె ఖాళీ ఉన్నదో లేదో చూచుకొనక, వచ్చిన ధాన్యమును వాకిట వర్షములో తడియనిచ్చిన రైతును చూచి ఊరంతా విచారిస్తుంది. తప్పు పంటది కాదు, గాదెది కూడ కాదు. చూచుకొనవలసినవాడు చూచుకొనకపోవటమే తప్పు. ఈనాడు కళాశాలల ఉత్తర ప్రత్యుత్తరములన్నీ ఈ-మెయిలు ద్వారానే నడుస్తున్నవి. ఆ ఉత్తరములను దాచే గాదె పేరు డేటాబేసు. అది నిండిపోతే ఏమవుతుంది, నిండినప్పుడు ఏమి చేయాలి, నిండకుండ ఎట్లు కాపాడుకోవాలి అన్న విషయములను మన విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును తెలియజేయటము ఈ వ్యాసము ఉద్దేశము.

తెలుగు చెప్పుకొనే మాకు ఈ విషయముతో పని ఏమని కొందరు అడుగవచ్చు. మేము మునుపు పనిచేసిన ఒక కళాశాలలో కంప్యూటరుపై తెలుగులో వ్రాయగలిగినవారము మేమొక్కరమే కావటముచేత, కార్యాలయపు ఈ-మెయిలు బాధ్యత మా మీద పడింది. తెలుగు వ్రాయటము వచ్చినంతమాత్రాన సర్వరు సంగతి వచ్చినట్లు కాదని మాకు ఆలస్యముగా తెలిసింది. ఆ ఆలస్యమునకు మూల్యము చెల్లించినది మేము కాదు, ఒక విద్యార్థి. అందువలననే ఈ పాఠము వ్రాయక తప్పలేదు.

జరిగిన సంగతి

అది జూలై నెల. విద్యార్థి వేతనముల పరిశీలన జరుగుతున్న రోజులు. కురుపాం కొండలమీది ఒక సవర గూడెము నుండి వచ్చి చదువుకుంటున్న బాలిక ఒకతె మూడు రోజులుగా కార్యాలయమునకు వస్తున్నది. “మాష్టారూ, నా కాగితము వచ్చిందా?” అని ఆమె అడుగటము, “ఇంకా రాలేదమ్మా” అని మేము చెప్పటము. ఆ కాగితమునకు జవాబు పంపవలసిన గడువు ఆ వారమే. మూడవనాడు మాకు అనుమానము కలిగింది. ఆమె కాగితమే కాదు, మరి ఎవరి ఉత్తరమూ రెండు రోజులుగా రాలేదు.

గుమాస్తాగారు వెంటనే పాత ఉత్తరములను తుడిచివేయసాగారు. సాయంకాలమునకు కొన్ని వేల ఉత్తరములు పోయినవి. అయినను డిస్కులో చోటు ఒక్క గిగాబైటు కూడ పెరగలేదు. ఇది మాకు ఇంద్రజాలమువలె తోచింది. పట్టణము నుండి వచ్చిన ఒక యువ సాంకేతికుడు సర్వరును పరిశీలించి, “మీరు బ్యాకప్ తీసి ఎన్నాళ్లయిందండీ?” అని అడిగాడు. మేము లెక్కవేసి చూచుకొంటే ఏడు నెలలు. డిస్కులో సగమునకు పైగా లాగ్ ఫైళ్లే ఉన్నవి.

ఆ రాత్రి చోటు కల్పించగా తెల్లవారేసరికి ఆగిన ఉత్తరములన్నీ ఒక్కసారిగా వచ్చి పడినవి. బాలిక కాగితమూ వచ్చింది. జవాబు గడువులోపల వెళ్లింది. కాని అంతకు మునుపటి వారము ఒక శాఖ చిరునామాకు వచ్చిన మరొక ఉత్తరము మాత్రము మళ్లీ రాలేదు. ఆ శాఖ మెయిల్‌బాక్సునకు నిర్ణయించిన పరిమితి అప్పటికే నిండియుండటముచేత అది పంపినవారికే తిరిగిపోయింది. పంపినది మనిషి కాదు, యంత్రము; తిరిగి వచ్చినదానిని చదివేవారు అక్కడ ఎవరూ లేరు. ఆ ఉత్తరములో పేరున్న విద్యార్థికి ఆ సంవత్సరము పుస్తకముల భృతి అందలేదు. పాత పుస్తకములను అరువు తెచ్చుకొని పరీక్షలు వ్రాశాడు. మమ్ములను అతడు ఒక్క మాటయు అనలేదు. అనకపోవటమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఒక ఉత్తరము ఆగి వచ్చింది, ఒకటి పోయింది. ఎందుచేత?

ఆగటము వేరు, తిరిగిపోవటము వేరు

ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరునకు ఈ-మెయిలు చేరవేసే నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో వెలువరించాడు. దానినే ఎస్.ఎం.టి.పి. అంటారు. ఉత్తరము తెచ్చిన సర్వరుతో తీసుకొనే సర్వరు మూడంకెల సంఖ్యలలో మాట్లాడుతుంది. ఆ సంఖ్య 4తో మొదలైతే “ఇప్పుడు కాదు, మళ్లీ రండి” అని అర్థము. 5తో మొదలైతే “ఇక రావలదు” అని అర్థము. సర్వరులో చోటు లేనప్పుడు చెప్పే సంఖ్య 452. నిర్ణయించిన నిల్వ పరిమితి దాటినప్పుడు చెప్పే సంఖ్య 552.

452 విన్న సర్వరు ఉత్తరమును తన వద్దనే వరుసలో నిలిపి, మాటిమాటికి ప్రయత్నిస్తుంది. ఇట్లు నాలుగైదు రోజులైనను ప్రయత్నించవలెనని 2008లో సవరించిన నియమావళి చెప్పుతున్నది. అనగా డిస్కు నిండిన క్షణమునుండి మనకు సుమారు నాలుగు రోజుల గడువు ఉన్నదన్నమాట. ఈలోగా చోటు కల్పిస్తే ఉత్తరములు సాధారణముగా పోవు. 552 విన్న సర్వరు అట్లు వేచియుండదు. ఉత్తరము చేరలేదని పంపినవారికి అప్పుడే తెలియజేసి ఊరుకుంటుంది. బాలిక కాగితము మొదటి తెగకు చెందినది. పుస్తకముల భృతి ఉత్తరము రెండవ తెగకు చెందినది. సర్వరు నిండటముకంటె ఒక్క మెయిల్‌బాక్సు నిండటమే ఒక్కొక్కప్పుడు ఎక్కువ ప్రమాదకరమని దీనివలన తెలుస్తున్నది. సర్వరు నిండితే అందరికీ తెలుస్తుంది. ఒక్క పెట్టె నిండితే ఎవరికీ తెలియదు.

గాదెను నింపేది అక్షరములా?

మన భాషలు కంప్యూటరులో ఎక్కువ చోటు తింటవని, అందుచేత ఇంగ్లీషులోనే వ్రాయటము మేలని చెప్పేవారిని మేము చూచాము. ఇందులో కొంత నిజమున్నది, కాని చాల కొంచెమే. యూనికోడ్ అక్షరములను దాచటానికి ఎక్కువగా వాడే యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు పడుతుంది. ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు, తెలుగునకు మూడు బైట్లు. సవర భాషకు మంగై గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. దాని అక్షరమునకు నాలుగు బైట్లు.

‘ఉర్దూ’ అన్న మాటను ఉర్దూ లిపిలో అలిఫ్, రే, దాల్, వావ్ అని నాలుగు అక్షరములతో వ్రాస్తారు. అది ఎనిమిది బైట్లు. ‘కురుపాం’ అన్న మాటలో క, కొమ్ము, ర, కొమ్ము, ప, దీర్ఘము, సున్న – ఈ ఏడును కలిసి ఇరువదియొక్క బైట్లు. ఈ-మెయిలు ప్రయాణములో ఈ బైట్లను బేస్-64 అన్న పద్ధతిలో మూట కడితే ప్రతి మూడు బైట్లును నాలుగవుతవి. అప్పుడు కురుపాం ఇరువదియెనిమిది.

ఇక అసలు లెక్క చూడండి. రెండువేల అక్షరచిహ్నములున్న నిండు తెలుగు పుట మూట కట్టిన పిమ్మట ఎనిమిదివేల బైట్లు. సెల్‌ఫోనుతో తీసిన ఒక ధ్రువపత్రపు ఛాయాచిత్రము ముప్పదిలక్షల బైట్లనుకొంటే, మూట కట్టిన పిమ్మట నలువదిలక్షలు. అనగా ఒక్క ఛాయాచిత్రము బరువు ఐదువందల తెలుగు పుటల బరువునకు సమానము! పర్లాకిమిడిలో ఉండి సవర భాషను నేర్చి, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులుగారి వంటివారు జీవితమంతా కూర్చిన మాటలు కూడ కొద్దిపాటి ఛాయాచిత్రములంత చోటు తీసుకొనవు. కనుక విద్యార్థులారా, చోటు కొరకు మన లిపిని విడువ పనిలేదు. తెలుగులో వ్రాయండి, ఉర్దూలో వ్రాయండి, సవరలో వ్రాయండి. గాదెను నింపేది అక్షరములు కావు, అటాచ్‌మెంట్లు.

అందులోను ఒకే అటాచ్‌మెంటును నలుబదిమందికి పంపటము మరింత నష్టము. మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజి సర్వరు పాత కూర్పులలో ఒకే డేటాబేసులో పలువురికి వచ్చిన ఒకే ఉత్తరమును ఒక్కసారే దాచే ఏర్పాటు ఉండేది. 2010 కూర్పులో ఆ ఏర్పాటును పూర్తిగా విడిచిపెట్టారు. ఇప్పుడు నలుబదిమందికి పంపితే నలుబది ప్రతులు దాచవలసిందే.

తుడిచినను ఖాళీ ఎందుకు కాలేదు?

మన గుమాస్తాగారిని ఆశ్చర్యపరచిన సంగతి ఇది. మన మన్యములో చింతపండు కాలమున గిరిజన సహకార సంస్థ గిడ్డంగులు బస్తాలతో నిండుతవి. బస్తాలు లారీలకెక్కించి పంపినంతమాత్రాన గిడ్డంగి చిన్నది కాదు. గోడలు ఎక్కడివి అక్కడనే ఉంటవి. లోపల ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలో మరుసటి పంటను పెట్టవచ్చును. కాని గిడ్డంగి ఆక్రమించిన నేల మాత్రము తగ్గదు. డేటాబేసు ఫైలు కూడ అటువంటిదే. ఉత్తరములను తుడిచివేస్తే ఫైలులోపల ఖాళీ పుటలు ఏర్పడుతవి. కొత్త ఉత్తరములు ఆ పుటలలో చేరుతవి. కాని డిస్కుమీద ఫైలు పరిమాణము తగ్గదు.

పైగా తుడిచిన ఉత్తరము తక్షణమే పోదు. పొరపాటున తుడిచినవారు తిరిగి పొందుటకై సర్వరు దానిని కొన్ని రోజులు దాచియుంచుతుంది. ఎక్స్చేంజి ఇటీవలి కూర్పులలో ఈ గడువు, మనము మార్చనియెడల, పదునాలుగు రోజులు. కనుక ఈ సాయంకాలము తుడిచినది రేపటి ఆపదకు అక్కరకు రాదు.

అన్ని సర్వర్లును ఇట్లే ఉండవు. మెయిల్‌డిర్ పద్ధతిని వాడే సర్వర్లు ప్రతి ఉత్తరమును విడి ఫైలుగా దాస్తవి. అక్కడ ఫైలును తొలగిస్తే ఆ మేరకు డిస్కులో చోటు వస్తుంది. ముందు మన సర్వరు ఏ తెగదో తెలుసుకొనటము అవసరము.

లాగ్ ఫైళ్లు: చెత్త కాదు, చిట్టా

ఎక్స్చేంజి వంటి సర్వరు ఏ మార్పు చేయదలచినను ముందుగా లాగ్ ఫైలులో వ్రాసుకొని, తరువాత డేటాబేసులో చేర్చుతుంది. షావుకారు ముందు చిట్టాలో వ్రాసి పిదప ఆవర్జాలో ఎక్కించుకొనటము వంటిదే ఇది. గాలివానకు కరెంటు పోయి సర్వరు మధ్యలో ఆగిపోతే, మళ్లీ లేచినప్పుడు ఈ చిట్టాను చూచియే లెక్క సరిచేసుకొంటుంది. సంపూర్ణమైన బ్యాకప్ పూర్తి అయిన తరువాత, అక్కరలేని లాగ్ ఫైళ్లను సర్వరు తానే తీసివేస్తుంది. ఏడు నెలలు బ్యాకప్ తీయకపోతే ఏడు నెలల చిట్టాలు గుట్టపడతవి. మాకు జరిగినది ఇదే.

చోటు కావలెనని ఈ ఫైళ్లను చేతితో తొలగించటము మహాపరాధము. ఆ తరువాత సర్వరు పడిపోతే డేటాబేసు తెరుచుకొనకపోవచ్చును. అప్పుడు పోయేది రెండు రోజుల ఉత్తరములు కాదు, అన్నియును.

పరిమితి మరొక తెగ

డిస్కులో చోటున్నను డేటాబేసునకే హద్దు ఉండవచ్చును. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఎక్స్చేంజి 2003 స్టాండర్డు కూర్పు. దాని డేటాబేసు 16 గిగాబైట్లకు చేరగానే మూతపడేది. డిస్కు ఎంత పెద్దదైనను ప్రయోజనము ఉండేది కాదు. 2005లో వచ్చిన రెండవ సర్వీసు ప్యాకుతో ఆ హద్దు 18 గిగాబైట్లకు పెరిగి, నిర్వాహకుడు కోరితే 75 వరకు పెంచుకొనే వీలు కలిగింది. 2013 కూర్పు నాటికి స్టాండర్డు రకపు హద్దు 1,024 గిగాబైట్లయినది. హద్దు పెరిగిందే కాని హద్దు లేకుండ పోలేదు.

ఆపద వచ్చినప్పుడు చేయవలసిన పనులు

ఒకటి: నిండినది ఏదో తెలుసుకోవాలి. డిస్కా, డేటాబేసు హద్దా, ఒక్క మెయిల్‌బాక్సా? మూడింటికి మూడు మందులు. ఒక్క మెయిల్‌బాక్సే నిండితే దాని పరిమితిని వెంటనే పెంచి, తిరిగిపోయిన ఉత్తరముల కొరకు పంపినవారికి కబురు చేయాలి.

రెండు: డేటాబేసును, లాగ్ ఫైళ్లను ముట్టుకొనక, అదే డిస్కులో ఉన్న ఇతర ఫైళ్లను – వార్షికోత్సవపు వీడియోలు, పాత ప్రోగ్రాములు – మరొక డిస్కునకు తరలించాలి. ఊపిరి తీసుకొనుటకు ఈ చోటు చాలును.

మూడు: వెంటనే సంపూర్ణ బ్యాకప్‌ను వేరొక డిస్కుమీదికి తీయాలి. ఉత్తరములు భద్రమవుతవి, లాగ్ ఫైళ్లు తగ్గుతవి. ఒకే పనికి రెండు ఫలములు. ఆ బ్యాకప్ నుండి ఒక ఉత్తరమునైనను తిరిగి తీసి చూడాలి. తిరిగి రాని బ్యాకప్ బ్యాకప్ కాదు.

నాలుగు: పెద్ద డిస్కుమీద కొత్త డేటాబేసు నిర్మించి, మెయిల్‌బాక్సులను ఒక్కొక్కటిగా అందులోనికి తరలించాలి. అన్నీ వచ్చినవని నిశ్చయమైన తరువాతనే పాతదానిని తొలగించాలి. పాత ఫైలునే కుదించే సాధనము ఒకటి ఉన్నది. కాని దానిని వాడుటకు డేటాబేసును మూసివేయాలి, ఫైలు పరిమాణమునకు నూటికి నూటపది వంతుల ఖాళీ చోటు వేరే ఉండాలి, గంటలతరబడి వేచియుండాలి. చోటు లేకనే కదా ఈ తంటా! కనుక తరలింపే మేలు.

ఐదు: ఉత్తరములు ఆగిన సంగతిని అందరికీ చెప్పాలి. నోటీసు బోర్డుమీద ఒక కాగితము అంటించటానికి సర్వరు అక్కరలేదు. ఆ బాలికకు మొదటినాడే “మన సర్వరు నిండింది, మరొక దారిని అడిగి తెలుసుకొందాము” అని చెప్పియుంటే, ఆమె మూడు రోజులు దిగులుపడేది కాదు.

సొంత సర్వరు లేకపోతే?

ఇప్పుడు చాల కళాశాలలు సర్వరును తమ గదిలో ఉంచుకొనక పెద్ద సంస్థల సేవలను వాడుతున్నవి. అక్కడ చోటు అనంతమని పలువురి భ్రమ. గూగుల్ సంస్థ విద్యాసంస్థలకు ఒకప్పుడు హద్దులేని చోటు ఇచ్చేది. 2021లో ఆ ఏర్పాటును మార్చుతున్నట్లు ప్రకటించి, 2022 నుండి ఒక్కొక్క సంస్థకు మొత్తము మీద 100 టెరాబైట్ల చొప్పున హద్దు పెట్టింది. ఆ హద్దు పెద్దదే. కాని పెద్ద గాదె కూడ గాదెయే. ఎవరి ఇంటిలో ఉన్నను, చూచుకొనే బాధ్యత ధాన్యము కలవానిదే.

కమిటీ పెద్దలకు మనవి

కమిటీ పెద్దలు భవనములు కట్టించారు, గ్రంథాలయమునకు బీరువాలు కొనిపెట్టారు. కంటికి కనబడని ఈ గాదెకు కూడ ఒక కాపరిని నియమించవలెనని మా మనవి. ఒక మనిషి, ఒక పుస్తకము చాలును. ప్రతి సోమవారము డిస్కులో మిగిలిన చోటును, డేటాబేసు పరిమాణమును, చివరి బ్యాకప్ తేదీని, నిండబోతున్న మెయిల్‌బాక్సుల పేర్లను ఆ పుస్తకములో వ్రాయించండి. నాలుగు పంక్తులే. నూటికి ఎనుబది వంతులు నిండగానే కొత్త డిస్కు కొనుటకు అనుమతి ఇవ్వండి. నూరు నిండిన తరువాత ఇచ్చే అనుమతి వర్షము వెలిసిన తరువాత ఇచ్చే గొడుగు. ఏ ఉత్తరములను ఎన్నేళ్లు ఉంచవలెనో, ఏవి తీసివేయవచ్చునో కూడ కమిటీయే నిర్ణయించాలి. అది గుమాస్తాగారి భయమునకు వదలవలసిన విషయము కాదు.

విద్యార్థులకు మా మాట ఇది. ధ్రువపత్రమును ఒక్కసారి పంపండి, పదిసార్లు పంపకండి. పెద్ద ఫైలును ఒకచోట ఉంచి దాని జాడను మాత్రము ఉత్తరములో వ్రాయండి. జవాబు రానిచో ఊరుకొనక వచ్చి అడగండి; ఆ బాలిక మూడు రోజులు వచ్చి అడిగినందుననే సర్వరు నిండిన సంగతి మాకు తెలిసింది. అడగనివాని ఉత్తరమే పోయింది.

కొండమీది గూడెము నుండి కళాశాల వరకు రావటానికి ఒక బిడ్డ ఎన్నో వాగులు దాటుతుంది. ఆమె కొరకు వచ్చిన ఉత్తరము మన గుమ్మము వద్ద, మన గాదెలో చోటు లేక ఆగిపోరాదు. సోమవారపు నాలుగు పంక్తులు వ్రాయటములో ఇంతకు మించిన పరమార్థము లేదు. మేము ఈనాడు ఆ పుస్తకము తెరువక ఏ సోమవారమూ పాఠము మొదలుపెట్టము.